పూలలోయ: కొండబాట నేర్పే పాఠం

పర్వతసౌందర్యాన్ని వర్ణించని కవి మన సాహిత్యంలో అరుదు. అయినను వర్ణన పరిచయమైనంతగా పర్వతం మనకు పరిచయం కాలేదు. దూరాన నీలంగా, నిశ్చలంగా తోచే కొండ, దానిపై కాలు మోపినవానికి ఎత్తుకొక వాతావరణంగా, వాతావరణానికొక వృక్షజాతిగా విడివడి కనిపిస్తుంది. ఈ సత్యాన్ని గ్రహించుటకు హిమాలయాలలోని పూలలోయ జాతీయ ఉద్యానం చక్కని నిదర్శనం. ఆ లోయ మన ముందొక ప్రశ్నను కూడ ఉంచుతున్నది: ఒక సుందర ప్రదేశాన్ని కాపాడుట అనగా అక్కడి నుండి మనుషులను తొలగించుటయేనా?

ఉనికి, మార్గం

ఈ ఉద్యానం ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని చమోలీ జిల్లాలో ఉన్నది. విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. లోయ మధ్యగా పుష్పావతి నది ప్రవహిస్తుంది. చుట్టూ మంచుశిఖరాలు, వానిలో గౌరీపర్బత్ 6,700 మీటర్లకు మించిన ఎత్తు గలది. యాత్రికులు అలకనందా తీరాన గల గోవింద్‌ఘాట్ నుండి బయలుదేరుతారు. పుల్నా గ్రామం వరకు వాహనాలు పోతాయి. అక్కడి నుండి సుమారు 10 కిలోమీటర్లు ఎక్కితే 3,000 మీటర్ల ఎత్తున ఘంఘరియా అనే చిన్న మజిలీ వస్తుంది. ఉద్యానంలో రాత్రి బసకు అనుమతి లేదు. కనుక ప్రతి ఉదయం ఇక్కడి నుండి లోయకు వెళ్ళి, సాయంకాలానికి తిరిగి రావలసిందే.

ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలుచబడుతుంది. 3,500 మీటర్ల వద్ద వాయుపీడనం సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కావున కొండబాటలో వేగం గొప్ప కాదు. నెమ్మదిగా నడచువాడే దూరం పోగలడు. చుట్టూ ఉన్నదానిని చూడగలవాడు కూడ అతడే. దారిపొడవునా దేవదారు వంటి సూచ్యాకార వృక్షాలు, ఆపైన భూర్జవృక్షాలు, అటుపైన చెట్టు లేని పచ్చికబయళ్ళు వరుసగా ఎదురవుతాయి. భూగోళపాఠంలో మనం చదివే వృక్షమండలాలన్నీ ఒక్క దినపు నడకలో కన్నులకు కట్టుతాయి.

పూలకు కారణం

చలికాలమంతా ఈ నేల మంచుక్రింద నిద్రిస్తుంది. వేసవిలో మంచు కరుగుతుంది. జూలై, ఆగస్టు మాసాలలో వర్షాలు తోడవుతాయి. మొలకెత్తి, పుష్పించి, గింజ రాల్చుటకు మొక్కకు దొరికే వ్యవధి కొద్ది మాసాలే. అందువల్లనే వందలాది జాతులు పోటీపడినట్లు ఒకే ఋతువులో పూస్తాయి. నీలి గసగసాలు, ప్రిమ్యులాలు, ఎనిమోన్లు, కాశీతుమ్మ జాతి పూలు ఒకదాని వెంట ఒకటి విచ్చుటచే లోయ రంగు వారానికొక తీరుగా మారుతుంది.

ఇక్కడి ఎత్తైన రాతినేలల్లో బ్రహ్మకమలం కూడ పూస్తుంది. మన తెలుగు ఇండ్లలో కుండీలలో పెంచి, రాత్రివేళ విచ్చుకొన్నప్పుడు ఇరుగుపొరుగును పిలిచి చూపించే పువ్వు ఇది కాదు. అది మధ్య అమెరికా ప్రాంతం నుండి వచ్చిన కాక్టస్ జాతి మొక్క. హిమాలయ బ్రహ్మకమలం పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదని దీనివలన తెలియుచున్నది.

ప్రసిద్ధి

1931లో కామెట్ శిఖరాన్ని అధిరోహించి తిరిగివస్తున్న ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలో దిగింది. 1937లో స్మైత్ మరల వచ్చి, మరుసటి సంవత్సరం దీనిపై గ్రంథం ప్రకటించాడు. 1939లో మొక్కల సేకరణకై వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆంగ్ల మహిళ కొండచరియపై జారి మరణించింది. ఆమె సమాధి లోయలోనే ఉన్నది. ఆయినను స్మైత్ ఈ లోయను కనుగొన్నాడనుట సరికాదు. అతనికి ఎంతో పూర్వమే భోటియా కాపరులు వేసవిలో మేకలను, గొర్రెలను ఇక్కడికి తోలుకొని వచ్చేవారు. లోకం ఎరుగనిది అనగా ఎవరూ ఎరుగనిది అని అర్థం కాదు.

మేత నిషేధం

1982లో లోయను జాతీయ ఉద్యానంగా ప్రకటించి పశువుల మేతను నిషేధించారు. 2005లో ఇది ప్రపంచ వారసత్వ స్థలమైనది. మందలు త్రొక్కి, మేసి పూలను నాశనం చేయునన్న భయం నిరాధారమైనది కాదు. అయితే నిషేధానంతరం పాలీగోనం అనే ఏపుగా పెరిగే మొక్క కొన్ని తావులను ఆక్రమించి, చిన్న మొక్కలకు వెలుతురు అందకుండ చేసింది. అటవీ శాఖ దానిని పెరికించవలసి వచ్చినది. మేత ఆగుటయే ఇందుకు కారణమని కొందరు శాస్త్రజ్ఞులు, కాదని మరికొందరు వాదించారు. వాదం ఎట్లున్నను రెండు విషయాలు స్పష్టం. కంచె వేసినంతనే సంరక్షణ పూర్తి కాదు. సంరక్షణకు మూల్యం చెల్లించినవారిలో తరతరాల మేతభూమిని వదలుకొన్న కాపరి మొదటివాడు.

యాత్రికుని ధర్మం

2013 జూన్ వరదలు ఈ మార్గాన్ని ఛిన్నాభిన్నం చేసినవి. కొండ ఎంత గంభీరమో అంత సుకుమారమని అవి హెచ్చరించినవి. కాపరి మందకు లోయలో చోటు లేదన్నప్పుడు, మన మందకు మాత్రం హద్దులు ఉండవద్దా? బాట విడచి పచ్చికను త్రొక్కరాదు, పువ్వును కోయరాదు, ప్లాస్టిక్ సంచిని విడచి రారాదు. దారిలో సామాను మోసే కూలీని, కంచరగాడిదను తోలే యువకుని వారి ఊరిని గురించి గౌరవంతో అడిగి తెలిసికొనవలెను.

విద్యార్థులు విహారయాత్రకు పోవునపుడు ఛాయాచిత్రాలతో పాటు ఒక నోటుపుస్తకం కూడ వెంట తీసికొనిపోవుదురు గాక. ఎత్తు, చెట్టు, నీరు, మనిషి అను నాలుగింటిని గూర్చి నాలుగేసి మాటలు వ్రాసికొన్న నాడు విహారం విద్యగా మారుతుంది. ఇందుకు హిమాలయాల దాకా పోనవసరం లేదు. మన ఊరి గుట్టతోనే ప్రారంభించవచ్చును.