పడకగదిలో వంత పాడే స్పీకర్లు: జత కుదిరేలా ఎంచుకోవడం ఎలా?

మైపాడు రోడ్డులో మా ఇంటి పడకగది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. మంచం తలవైపు గోడకు ఆనుకుని ఉంటుంది, ఎదురు గోడకు టీవీ. ఒక పక్క బీరువా, రెండో పక్క కిటికీ. నెల్లూరు నుంచి సముద్రం దాకా చాలా ఇళ్ళలో పడకగది ఇంచుమించు ఇంతే. కాబట్టి ఈ కొలతలనే లెక్కలోకి తీసుకుని చెబుతాను.

ముందుగా 5.1 అంటే ఏమిటో చూద్దాం. టీవీ దగ్గర ఎడమ, కుడి, మధ్య మూడు స్పీకర్లు. మనకు అటూ ఇటూ రెండు సరౌండ్ స్పీకర్లు. చివరి ఆ ఒకటి దడదడలకు సబ్‌వూఫర్. బుర్రకథ చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు. వంతలు కథకుడిని మించి గొంతెత్తక్కర్లేదు, శ్రుతి మాత్రం కలవాలి. సరౌండ్ స్పీకర్ల పని కూడా వంత పాడడమే.

నేను మొదట కొన్న జత ఈ సంగతి తెలియక కొన్నది. డబ్బా మీద వాట్లు పెద్ద అంకెలో కనిపించాయి, కొట్టువాళ్ళు కూడా అదే గొప్పగా చెప్పారు, తెచ్చి గోడకు బిగించాను. తెర మీద బుల్లెట్ బండి ముందు స్పీకర్లలో బుల్లెట్‌లాగే వచ్చేది. పక్కకు మళ్ళిందంటే మోపెడ్ అయిపోయేది. బండి ఒకటే, గొంతు రెండు. స్పీకర్లన్నిటినీ నడిపించే రిసీవర్‌లో ఎన్ని మార్పులు చేసినా అది పోలేదు. శబ్దం ఎక్కువ తక్కువలు రిసీవర్‌లో సర్దుకోవచ్చు, దూరం తేడా సర్దుకోవచ్చు. గొంతు కొనేటప్పుడే కుదరాలి.

1. టేపు పట్టుకుని గది కొలవండి

కొట్టుకు వెళ్ళకముందే చేయాల్సిన పని ఇది. మంచం మీద మీరు ఆనుకుని కూర్చునే చోటు నుంచి టీవీకి ఎంత, రెండు పక్క గోడలకు ఎంత, నేల నుంచి మీ చెవికి ఎంత అని రాసుకోండి. మా గదిలో టీవీకి తొమ్మిది అడుగులు, పక్క గోడలకు చెరి ఐదు, చెవి ఎత్తు మూడున్నర. సరౌండ్‌లు చెవులకు సరిగ్గా పక్కన గానీ కాస్త వెనక్కి గానీ ఉండాలని డాల్బీ వాళ్ళు చెబుతారు. లెక్క ప్రకారం అది 90 నుంచి 110 డిగ్రీలు. మంచం గోడకు ఆనుకుని ఉంటే వెనక్కి జరిపే చోటే ఉండదు. 90 దగ్గరే పెట్టండి, ఇబ్బంది లేదు. వెనక గోడకు, తల మీదుగా మాత్రం బిగించవద్దు. పక్కనుంచి రావాల్సిన వాన నెత్తిన కురిసినట్టుంటుంది.

2. ముందు స్పీకర్ల ఇంటిపేరు చూడండి

టీవీ దగ్గర ఇప్పటికే స్పీకర్లున్నాయా? అయితే వాటి కంపెనీ పేరుతోపాటు సిరీస్ పేరు కూడా రాసుకోండి. కంపెనీ ఒకటైనంత మాత్రాన గొంతు ఒకటి కాదు. ఒకే సిరీస్‌లోని పెద్ద స్పీకర్‌కూ చిన్న స్పీకర్‌కూ సాధారణంగా ఒకే ట్వీటర్ వాడతారు. మాటల్లో స, శ అక్షరాలూ గాజుల చప్పుడూ వాన చిటపటలూ ట్వీటర్ నుంచే వస్తాయి. శబ్దం ఎటు నుంచి వస్తోందో పసిగట్టడానికి చెవికి అవి కూడా తోడ్పడతాయి. అందుకే వూఫర్ (మంద్ర శబ్దాలు పలికే పెద్ద కోన్) సైజు కలవకపోయినా సర్దుకోవచ్చు గానీ, ట్వీటర్ రకం కలవకపోతే వద్దు. క్లిప్ష్ వాళ్ళు ట్వీటర్ ముందు హార్న్ పెడతారు, గొంతు కంగుమంటుంది. డాలీ వాళ్ళు బట్టతో చేసిన మెత్తని డోమ్ వాడతారు, గొంతు మృదువుగా ఉంటుంది. రెండూ మంచివే. ఒకే గదిలో కలిపితే మాత్రం పొసగవు.

ఇంకా ఏమీ కొనలేదంటే మీది అదృష్టం. ఐదు స్పీకర్లూ ఒకే సిరీస్‌లో ఒకేసారి తీసుకోండి. డబ్బు చాలకపోతే ముందు మూడే కొని, అదే సిరీస్‌లో సరౌండ్‌లు దొరుకుతున్నాయని నిర్ధారించుకుని, త్వరలోనే అవి కూడా తెచ్చుకోండి. కొన్నేళ్ళకోసారి కంపెనీలు సిరీస్‌లు మార్చేస్తాయి. ఆ తర్వాత జత కోసం వెతుకులాటే.

3. అంకెల్లో మూడే చూడండి

డబ్బా మీద పీఎంపీఓ అని వేలల్లో రాసి ఉంటే దాన్ని పట్టించుకోకండి, ఆర్‌ఎంఎస్ వాట్లే అసలు లెక్క. రెండోది ఓమ్స్: రిసీవర్ వెనక స్టిక్కర్ మీద 6 అని ఉంటే 4 ఓమ్‌ల స్పీకర్ తగిలించకండి, రిసీవర్ వేడెక్కుతుంది. మూడోది సెన్సిటివిటీ, అంటే అవే వాట్లకు స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందన్నది. ముందువి 90 డెసిబెల్స్, సరౌండ్ 87 అయితే, ఆ మూడు డెసిబెల్స్ తేడా పూడ్చడానికి సరౌండ్‌కు రెట్టింపు వాట్లు పంపాలి. చిన్న గదిలో రిసీవర్‌కు అది భారం కాదు. తేడా పదికి చేరితే ఆలోచించాలి.

4. ఎంత పెద్దది?

చిన్నదే తీసుకోండి. మూడు, నాలుగు అంగుళాల వూఫర్ చాలు. 80 హెర్ట్జ్‌కు కింద ఉండే శబ్దాన్ని రిసీవర్ సబ్‌వూఫర్‌కు పంపేస్తుంది, మరీ చిన్న స్పీకర్లకైతే ఆ గీతను 120కి పెంచుకోవచ్చు. వెనక రంధ్రం ఉన్న స్పీకర్లను గోడకు హత్తిస్తే శబ్దం బొంగురుపోతుంది. రంధ్రం ముందున్నదో, అసలు లేనిదో చూడండి.

5. చెవితో పరీక్షించండి

మిగతావన్నీ మరిచినా ఈ మెట్టు దాటకండి. పాటలు వినే ప్రతి నెల్లూరువాడి చెవిలోనూ ఉండే గొంతు గాయకులు ఎస్పీ బాలు గారిది. హరికథకులు సాంబమూర్తి గారి అబ్బాయి. ఇక్కడి తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేదపాఠశాల కోసం 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి ఇచ్చేశారు. వాయిద్యాలు తక్కువగా, గొంతు విడిగా వినిపించే ఆయన పాట ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. ట్రంకు రోడ్డు కొట్లకైనా సరే, రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కైనా సరే. మీ ముందు స్పీకర్ ఒకటి కూడా సంచిలో పెట్టుకోండి.

కొట్లో ఆంప్లిఫయర్ ఎడమ వైపు మీ స్పీకర్‌ను, కుడి వైపు కొనదలచిన స్పీకర్‌ను తగిలించమనండి. రెండూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఉండాలి. పాట పెట్టి, కళ్ళు మూసుకుని, బ్యాలెన్స్‌ను నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి తిప్పించండి. మనిషి లేచి ఇటు వచ్చి కూర్చున్నట్టు ఉండాలి. వేరే మనిషి పాట అందుకున్నట్టు అనిపిస్తే ఆ జత వద్దు. గమకం దగ్గర, ఊపిరి తీసుకునే చోట, ‘శ’ పలికేచోట ప్రత్యేకంగా వినండి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటే దిగులు పడకండి, అది సెన్సిటివిటీ తేడా. వాల్యూం సమానం చేయించి మళ్ళీ వినండి. నేను రెండోసారి వెళ్ళినప్పుడు మూడు జతలు ఇలా విన్నాను. అన్నిటికంటే చిన్నదీ చవకదీ అయిన జతలోనే బాలు గారు బాలు గారిలా ఉన్నారు.

6. ఉప్పుగాలిని లెక్కలో వేసుకోండి

ఇది మన తీరం వాళ్ళకు మాత్రమే చెప్పే మాట. కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచు స్పాంజిది అయితే ఈ తేమకు కొన్నేళ్ళలో పొడిపొడిగా రాలుతుంది, రబ్బరుది అడగండి. బిగించే స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి. మామూలువి రెండు వానాకాలాలకే తుప్పు కారి సున్నం మీద చారలు కడతాయి. వైరు అచ్చమైన రాగిదేనా అని అడిగి, కొన గీకి చూడండి. రాగి పూత వేసిన అల్యూమినియం అయితే లోపల తెల్లగా కనబడుతుంది. 1.5 స్క్వేర్ ఎంఎం మందం ఈ గదికి సరిపోతుంది. నిమ్ము ఎక్కే గోడ అయితే స్పీకర్‌కూ గోడకూ నడుమ వేలెడు సందు వదలండి. స్పీకర్ డబ్బాలు చాలావరకు చెక్కపొట్టుతో నొక్కి చేసినవి, చెమ్మ తగిలితే ఉబ్బుతాయి.

7. బిగించి, సర్దండి

ఎత్తు ఐదున్నర నుంచి ఆరు అడుగులు. మంచం మీద ఇద్దరు పడుకుంటే ఒక్కొక్కరికి తమ వైపు స్పీకర్ బాగా దగ్గరగా ఉంటుంది. అది చెవికి గురిపెట్టి ఉంటే రెండోవైపుది వినబడదు. అందుకే స్పీకర్ ముఖం అవతలి పక్క గోడ పైభాగం వైపు తిప్పండి. సూళ్ళూరుపేటలో 2019లో తెరిచిన వి ఎపిక్‌లాంటి పెద్ద సినిమా హాల్లో పక్క గోడల పొడవునా వరసగా స్పీకర్లుంటాయి కాబట్టి ఏ ఒక్కటీ విడిగా చెవిన పడదు. మనకున్నది ఒక్క జత. ఎత్తు, వంపులతోనే ఆ పని చేయించుకోవాలి.

బీరువా ఉన్న వైపు స్పీకర్‌ను దాని చాటుకు పోనివ్వకండి. కిటికీ పరదా, దోమతెర వల్ల శబ్దం కొద్దిగా మెత్తబడుతుంది గానీ అంత లెక్కలోకి రాదు.

తర్వాత రిసీవర్‌లో దూరాలు టేపు కొలత ప్రకారం వేయండి. శబ్దం ఒక అడుగు దాటడానికి సెకనులో వెయ్యోవంతు కంటే కొంచెం తక్కువ పడుతుంది. మా గదిలో ముందు స్పీకర్లు తొమ్మిది అడుగుల్లో, సరౌండ్‌లు ఐదడుగుల్లో ఉన్నాయి కాబట్టి ఆ నాలుగడుగుల తేడాను రిసీవర్ సరౌండ్‌లను రవ్వంత ఆలస్యంగా పలికించి సరిచేస్తుంది. చివరగా టెస్ట్ టోన్ పెట్టండి. జోరువాన హోరులాంటి ఆ శబ్దం ఒక్కో స్పీకర్‌లో కాసేపు వినిపిస్తుంది. ఐదింటిలోనూ ఒకే వానలా వినిపించేదాకా లెవెల్స్ సర్దండి. సినిమా చూస్తుండగా ‘అదిగో, పక్క స్పీకర్’ అని తల తిరిగితే దాన్ని ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించండి.

కార్తీకం వెళ్ళి వానలు ఆగాక ఒకసారి స్విచ్చి తీసేసి, వైర్లు ఊడదీసి కొనలు చూడండి. ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే ఆ అంగుళం కత్తిరించి, కొత్త రాగి తీసి మళ్ళీ బిగించండి. బిగించేటప్పుడు ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్ళిందో లేదో చూసుకోండి.