బీమా ఏజెంటు కాదలచిన వారికి

శాలిబండ నుంచి ఒక సభ్యుని కుమారుడు మమ్మల్ని అడిగారు: "పదో తరగతి పాసయ్యాను. గేదెల బీమా అమ్మడానికి లైసెన్సు ఎవరిస్తారు?"

1938 నాటి బీమా చట్టాన్ని 2015లో సవరించారు. అంతకుముందు ఏజెంటుకు లైసెన్సు ఉండేది. ఇప్పుడు బీమా కంపెనీయే నియామక పత్రం ఇస్తుంది. నియంత్రణ సంస్థ కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నా, అక్కడికి పోనక్కరలేదు. 18 ఏళ్లు నిండి, శిక్షణ పొంది, పరీక్ష పాసు కావాలి. ఇక్కడే కొందరు పొరబడతారు. జీవిత బీమా పరీక్ష మాత్రమే పాసైనవారు గేదెకు పాలసీ అమ్మరాదు. పశువుల బీమా సాధారణ బీమా కిందికి వస్తుంది.

అసలు బాధ్యత పత్రం చేతికొచ్చాకే. ప్రీమియం ముందుగా ముట్టనిదే కంపెనీకి బాధ్యత లేదని చట్టం. ఏజెంటు వసూలు చేసిన సొమ్మును, సెలవులు పోను, 24 గంటల్లో జమ చేయాలి. రేపు కడదామని జేబులో ఉంచుకుంటే, ఈలోగా గేదె చనిపోతే ఆ ఇంటివారికి ఏం జవాబు చెప్పగలం? కమీషనులో కొంత సభ్యునికి వాపసివ్వడమూ 41వ సెక్షను ప్రకారం నిషిద్ధం. మనవాళ్లకు మేలు చేసినట్టే కనిపిస్తుంది, అందుకే మరీ జాగ్రత్త.

చెవి బిళ్ళ ఊడితే వెంటనే కంపెనీకి తెలిపి కొత్తది వేయించాలని పాలసీ రాసిన రోజే సభ్యునికి చెప్పండి. బిళ్ళ లేకుంటే పరిహారం చిక్కుల్లో పడుతుంది.