జోడు జనరేటర్లు: కలిపి నడుపుట ఎట్లు?

పితికిన పాలు సుమారు 37 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించకపోతే సూక్ష్మజీవులు పెరిగి పాలు విరుగుతాయి. కరెంటు పోయిన పూట సభ్యుల కష్టం కాలువ పాలవుతుంది. చిన్న ఇన్వర్టర్ జనరేటరు ఒకటి చాలనప్పుడు రెండు కలపవచ్చునా అని సభ్యులు మమ్మల్ని అడుగుతున్నారు. కలపవచ్చును, అయితే పద్ధతి తెలియవలెను.

ఎట్లు కలుస్తాయి?

ఈ రకం జనరేటరులో ఇంజను పుట్టించిన కరెంటు ముందు డి.సి.గా మారి, తరువాత 230 వోల్టుల, 50 సైకిళ్ళ ఏ.సి.గా బయటకు వస్తుంది. ఈ మార్పు ఎలక్ట్రానిక్ పరికరం చేతిలో ఉన్నది. కనుక కాడికి కట్టిన ఎద్దుల వలె రెండవది మొదటిదానితో అడుగు కలుపుతుంది. మామూలు జనరేటర్లకు ఈ సౌకర్యం లేదు. వాటిని ఇట్లు తీగతో కలిపితే కాలిపోవచ్చును.

ఎంత బరువు మోస్తాయి?

ఒక్కొక్కటి నిలకడగా 1.8 కిలోవాట్లు ఇస్తే జత రమారమి 3.6 కిలోవాట్లు ఇస్తుంది. కాటా, పాల పరీక్ష యంత్రం, దీపాలకు ఒకటే చాలును. చిక్కు శీతలయంత్రం కంప్రెసరుతో. మోటారు నడుస్తున్నప్పటికంటె మొదలయ్యే క్షణంలో అయిదారు రెట్లు కరెంటు లాగవచ్చు. అందుచేత నడక లెక్క సరిపోయినా మోటారు కదలకపోవచ్చును. త్రీఫేజు కంప్రెసరుకు ఈ జత అసలే పనికిరాదు. రెండు సింగిల్ ఫేజులు కలిస్తే పెద్ద సింగిల్ ఫేజే అవుతుంది. కొనేముందు ట్యాంకులో నీరు పోసి నడిపి చూపమని అమ్మకందారుని అడగండి.

పాటించవలసిన క్రమం

1. కలుపుటకు తయారీదారు అనుమతించిన నమూనాలనే, వారిచ్చిన జోడింపు కేబులుతోనే కలపాలి.
2. రెండు ఇంజన్లూ ఆగి ఉన్నప్పుడే కేబులు బిగించాలి. నడుస్తుండగా ఊడదీస్తే దాని కొనలో కరెంటు ఉండవచ్చును.
3. రెండింటినీ నడిపి, పచ్చదీపాలు వెలిగిన తరువాతే బరువు వేయాలి. ముందు కంప్రెసరు, తరువాత మిగిలినవి.
4. మోటారు మొదలయ్యేటప్పుడు పెట్రోలు పొదుపు స్విచ్చి ఆపి ఉంచాలి.
5. ఆపేటప్పుడు ముందు బరువు తీసి, పిదప ఇంజన్లు ఆపాలి.

ప్రాణాలకు సంబంధించిన మాట

జనరేటరును గోడ ప్లగ్గులో గుచ్చి భవనానికి కరెంటు ఇవ్వరాదు. అది వెనుకకు లైనులోకి పారి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు. చేంజోవర్ స్విచ్చిని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌చేత పెట్టించండి. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. గదిలో మనిషిని చంపుతుంది. కాబట్టి యంత్రాలను ఆరుబయటే, కిటికీలకు దూరంగా నడపాలి. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు.

పాలకవర్గం వచ్చే సమావేశంలో తమ కంప్రెసరు పేరుపలక చదివి, ఫేజు, కరెంటు వివరాలు మినిట్సులో వ్రాయించవలెనని మా సూచన. కొనాలా వద్దా అన్నది ఆ పలకే చెబుతుంది.