శునకముల స్తనార్బుదము – స్త్రీల ఆరోగ్యమునకు ఒక పాఠము

నెల్లూరు తీరవాసులమైన మనకు పీత క్రొత్త ప్రాణి కాదు. మైపాడు ఇసుకలోనో, కృష్ణపట్నము రేవులోనో దానిని చూడని విద్యార్థి అరుదు. ఆ పీత పేరే ఒక భయంకర వ్యాధికి పేరైనది. గ్రీకు వైద్యులు దానిని 'కార్కినోస్' అన్నారు. లాటిన్‌లో అది 'కాన్సర్' అయినది. అరబ్బీ, ఉర్దూ భాషలలో 'సర్తాన్' అందురు. మూడు మాటలకును అర్థము పీతయే. రొమ్ములోని గడ్డ చుట్టూ ఉబ్బిన రక్తనాళములు పీతకాళ్ళ వలె కనబడుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. మన పెద్దలు దానిని రాచపుండు అన్నారు. ఆ పీత కాళ్ళు పైకి కనబడు వరకు ఆగక, లోపల ఉండగానే దానిని గుర్తించు విద్య నేడు ఉన్నది. ఆ విద్యకు తోడ్పడుచున్న మూగజీవి కుక్క. ఈ విషయమును విద్యార్థులకు సులభముగా వివరింప మేము యత్నించుచున్నాము.

పరిశోధనకు కుక్కయే ఎందుకు? ప్రయోగశాలలోని ఎలుకకు సాధారణముగా కాన్సర్‌ను మనిషే కలిగించవలెను. కుక్కకు అది తనంత తానే వచ్చును. గర్భాశయ, అండాశయములను తొలగించని ఆడకుక్కలలో మిక్కిలి తరచుగా వచ్చు కణితి స్తనములదే. వాటిలో దాదాపు సగము ప్రమాదకరమైనవి. కుక్క మనము పీల్చు గాలినే పీల్చును, మన ఇంటి మెతుకులే తినును. దాని రోగనిరోధక శక్తి చెక్కుచెదరక పనిచేయుచుండును. దాని ఆయువు చిన్నది గనుక, స్త్రీలో ఏండ్ల తరబడి సాగు వ్యాధిని కుక్కలో తక్కువ కాలములో గమనింపవచ్చును. 2005లో కుక్క జన్యుపటము వెలువడినది. స్త్రీల రొమ్ము కాన్సర్‌తో సంబంధమున్న బి.ఆర్.సి.ఎ.-1, బి.ఆర్.సి.ఎ.-2 అను జన్యువులు కుక్కలోను ఉన్నవి.

ఇంకొక విశేషము కలదు. కుక్కకు సాధారణముగా ఐదు జతల స్తనములుండును. వెనుక రెండు జతలకే ఈ వ్యాధి ఎక్కువ. ఒకే కుక్కలో ఒకచోట నిరపాయమైన గడ్డ, మరొకచోట మారుచున్న గడ్డ, వేరొకచోట ముదిరిన కాన్సర్ ఒకేసారి కనబడుట కద్దు. అనగా వ్యాధి ఎక్కు మెట్లన్నియు ఒకే దేహమున చూడవచ్చును. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో డాక్టర్ కరిన్ సోరెన్మో 2009లో ఒక కార్యక్రమము ప్రారంభించిరి. దిక్కులేని కుక్కలకు అచట ఉచితముగా చికిత్స చేసి, తొలగించిన కణితులను పరిశోధించి, కోలుకొనిన వాటిని పెంచుకొనువారికి అప్పగింతురు. అచట కుక్క ప్రయోగవస్తువు కాదు, రోగి.

ఇక ఛాయాచిత్రణమును చూతము. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. 1913లో బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, తొలగించిన రొమ్ములను ఆ కిరణములతో పరీక్షించి, కాన్సర్ గుర్తులను వివరించెను. నేటి మామోగ్రఫీకి అదియే మూలము. ఆ చిత్రములో నిరపాయమైన గడ్డ అంచు తరచుగా నున్నగా ఉండును. ప్రమాదకరమైన గడ్డ అంచు నుండి ముండ్ల వంటి గీతలు చుట్టూ వ్యాపించియుండును. ప్రాచీనుల పీతకాళ్ళు ఇచట మరల గుర్తుకు వచ్చును. సన్నని సున్నపు రేణువులును ఒక సూచనయే.

కుక్క స్తనములు పొట్టకు అంటి చదునుగా ఉండుటచే, మామోగ్రఫీ యంత్రములో వాటిని అదుముట కష్టము. కనుక అల్ట్రాసౌండు పరీక్షకే ప్రాధాన్యము. చెవికి వినబడని ధ్వని తరంగములు గడ్డను తాకి మరలి వచ్చి బొమ్మ కట్టును. గడ్డలో నెత్తురు పారు తీరును డాప్లర్ పద్ధతియు, గడ్డ గట్టిదనమును ఎలాస్టోగ్రఫీయు తెలుపును. వీటికి సాధారణముగా మత్తుమందు అక్కరలేదు. సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలలో కదలరాదు గనుక కుక్కకు మత్తు ఈయవలసి వచ్చును. వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకినదా అని తెలిసికొనుటకు రొమ్ము పంజరమును మూడు కోణములలో ఎక్స్‌రే తీయుదురు. అయినను చిత్రము అనుమానమునే చెప్పును. నిర్ణయము మాత్రము గడ్డ ముక్కను సూక్ష్మదర్శిని క్రింద చూచిన పిమ్మటనే.

పోలికకు హద్దులున్నవి. కుక్క కణితులలో మృదులాస్థి, ఎముక కలిసిన మిశ్రమ కణితులు హెచ్చు. స్త్రీలలో అవి బహు అరుదు. అందుచే కుక్క చిత్రములోని సున్నపు మచ్చకు స్త్రీ చిత్రములోని అర్థమునే చెప్పరాదు.

హార్మోన్ల పాత్ర విషయములోను కుక్క మనకు పాఠము చెప్పినది. 1969లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ప్రకారము, తొలి ఎదకు ముందే అండాశయములు తొలగించిన కుక్కలలో ఈ వ్యాధి ప్రమాదము, తొలగించని వాటితో పోల్చగా 0.5 శాతమే. ఒక ఎద తరువాత 8 శాతము, రెండవ ఎద తరువాత 26 శాతము. తరువాతి పరిశీలకులు ఈ అంకెల బలమును ప్రశ్నించినను, హార్మోన్ల ప్రభావమును కాదనలేదు. వీధికుక్కల సంఖ్యను, రేబిస్‌ను అరికట్టుటకు 2001లో వచ్చి 2023లో నూతన రూపము పొందిన కేంద్ర నియమముల క్రింద జరుగు శస్త్రచికిత్సలు, చిన్న వయసున జరిగినచో, ఈ మేలు కూడ చేయగలవు. మనకు సమీపమున తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్నది. జీవశాస్త్రము చదువు మన విద్యార్థులు ఆ దారిని కూడ ఆలోచింపవలెను.

కుక్క మాట ఎత్తగానే ముఖము చిట్లించువారు మనలో లేకపోలేదు. దప్పికతో నాలుక చాచిన కుక్కకు నీరు పోసినవానికి దైవక్షమ లభించెనను హదీసును వారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.

ఇప్పుడు అసలు సంగతి. 2022లో ప్రపంచమున 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము కాన్సర్ వచ్చినట్లు, 6.7 లక్షల మంది మరణించినట్లు అంచనా. భారత స్త్రీలలో అత్యధికముగా వచ్చు కాన్సర్ ఇదియే. కుక్కకు నోరు లేదు, కాని దాచుకొను సిగ్గును లేదు. పొట్ట నిమిరిన యజమాని చేతికి గడ్డ తగులును. స్త్రీకి నోరుండియు బిడియముచే చెప్పదు. ఇంటిలోని మగవారు అడుగరు. నొప్పి లేని గడ్డ ఏమి చేయునులే అని నెలలు గడుపుదురు. తొలి దశలో కాన్సర్ గడ్డ చాలవరకు నొప్పి లేనిదే.

గొప్ప యంత్రములు అందుబాటులో లేవని నిరాశ పడనక్కరలేదు. ముంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో దాదాపు లక్షన్నర మంది స్త్రీలతో ఒక పరిశోధన మొదలుపెట్టిరి. వారిలో సగము మందిని శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితోనే పరీక్షించిరి. 2021లో ఫలితములు ప్రకటింపబడినవి. పరీక్ష పొందినవారిలో వ్యాధి ముందు దశలోనే బయటపడినది. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు సుమారు 30 శాతము తగ్గినవి. యంత్రము కంటె ముందు వచ్చినది ఒక స్త్రీ చేయి.

విద్యార్థులారా! 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ఐదేండ్లకొకసారి ఈ చేతి పరీక్ష జరుగవలెనని ప్రభుత్వ కార్యక్రమము చెప్పుచున్నది. రొమ్ములో గాని చంకలో గాని గట్టి గడ్డ, చర్మము గుంటపడుట, చనుమొన లోనికి లాగుకొనుట, నెత్తురు కారుట – ఇవి కనబడినచో వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ప్రతి గడ్డయు కాన్సర్ కాదు. పరీక్షింపక ఏది అవునో, ఏది కాదో ఎవరును చెప్పజాలరు. ఈ నాలుగు మాటలు మీ ఇంట అమ్మకు, ఆపాకు, పిన్నమ్మకు చదివి వినిపింపుడు. చెప్పుటకు నోరు రానిచో ఈ పుటను వారి చేతికిండు.