అల్లరి పిల్లవాడు - వైద్యునికి చెప్పవలసిన సంగతులు

బడిలో కుదురుగా కూర్చుండలేని బాలుడు ప్రతి గ్రామమునను ఉండును. చెప్పిన పని సగములో విడుచును. పుస్తకములు, చెప్పులు పోగొట్టుకొనును. వానిని తుంటరి యందురు. తల్లికి పెంపకము రాదని ఆడిపోసుకొందురు. ఇట్టివారిలో కొందరికి ఉన్నది అవధానమునకు సంబంధించిన రుగ్మత. వైద్యులు దీనిని ఎ.డి.హెచ్.డి. యందురు. తల్లిదండ్రులు సలహాకై పంచాయతీ సభ్యుల కడకు వచ్చుట కలదు గనుక, ఆసుపత్రిలో ఏమి చెప్పవలెనో సభ్యులు ఎరిగియుండుట మేలని మేము తలచుచున్నాము.

ఈ రుగ్మతను నిర్ధారించు రక్తపరీక్ష లేదు. వైద్యుడు ముఖ్యముగా విని నిర్ణయింపవలెను. చిక్కు ఇక్కడనే యున్నది. కొత్త మనిషి ఎదుట ఇట్టి పిల్లలు కొంతసేపు బుద్ధిగా కూర్చుండవచ్చును. తల్లి "మావాడు వట్టి అల్లరండీ" అనును. డాక్టరుకు కనబడునది నెమ్మదియైన బాలుడు. పెరిగినచో సర్దుకొనునని ఆయన పంపివేసిన, ఆయనకు మరి ఆధారమేది?

కావున జరిగినది జరిగినట్లు చెప్పవలెను. "మూడు లెక్కలిచ్చిన ఒకటి చేసి లేచును, ఈ నెలలో రెండుసార్లు చూడక రోడ్డు మీదికి పరుగెత్తినాడు" అనిన వైద్యునికి పనికివచ్చును. వైద్యుల ప్రమాణము ప్రకారము లక్షణములు కనీసము 6 మాసములుగా ఉండవలెను. వానిలో కొన్ని 12 ఏండ్లలోపుననే కనబడి యుండవలెను. ఇంటనే గాక బడివంటి మరియొక చోటను ఉండవలెను. బడి సంగతి తల్లి చెప్పజాలదు. అందుచే ఉపాధ్యాయునిచే వ్రాయించిన కాగితము అన్నిటికంటె ముఖ్యము. కూలికి పోవు తల్లి బడికి వెళ్లి అడుగుటకు జంకును. సభ్యుడు ఒక మాట చెప్పిన ఆ కాగితము సాయంకాలమునకు వచ్చును. అయితే బాలుని పేరు సభలో ఎత్తరాదు.

చెవి, కన్ను, నిద్ర, మూర్ఛ వీనిని గూర్చియు చెప్పవలెను. సరిగా వినబడని బిడ్డయు పరధ్యానిగా కనబడును. బాలికలలో అల్లరి లేక పరధ్యానమే యుండవచ్చును. వారిని మనము తరచు గుర్తింపము.

మందు వ్రాసినచో ఆకలి, నిద్ర తగ్గునా, మరల ఎప్పుడు రావలెను అని అడుగవలెను. మందు మానిన సంగతి, నాటుమందు వాడిన సంగతి దాచరాదు. 6 ఏండ్లలోపు పిల్లలకు సాధారణముగ మందుకంటె ముందు తల్లిదండ్రులకు శిక్షణ నిత్తురు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు బడులకు, అంగన్వాడీలకు వచ్చును. ఉపాధ్యాయుని కాగితము వారికిని చూపవచ్చును. 2022లో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరుపై ఉచితముగా ఫోను చేయవచ్చును. కాగితము నకలొకటి ఇంట ఉంచుకొనవలెను. మరుసారి వెళ్లునప్పటికి వేరొక డాక్టరు ఉండవచ్చును.