తాడికొండలో హెచ్ ఉందా?

చిరంజీవి అమ్మలుకి, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్‌లో అరగంట వాపోయాడు. పుట్టబోయే బిడ్డకి తాడికొండ అనే పెడతానన్నావట. "వియ్యాలవారు ఏమనుకుంటారే?" అని ఆయన బెంగ. తమిళవాళ్ళు కదా, వాళ్ళకి ఇంటిపేరంటూ ఉంటేగా అనుకోవడానికి! మీ ఆయన ఇనిషియల్ వాళ్ళ నాన్న పేరుది, ఆయనది వాళ్ళ నాన్నది. తరానికో అక్షరం. మనదేమో, ఏ ముత్తాతో గుంటూరు దగ్గర తాడికొండ వదిలి వస్తే కొత్త ఊరివాళ్ళు పిలిచిన పిలుపు. దానికింత పట్టింపా?

నీకు హక్కుందా అని అడిగావు. ఉంది. 2022లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మన ఆంధ్ర హైకోర్టు నుంచి వెళ్ళిందే. భర్త పోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి బిడ్డకి రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుంది. పాత పేరే ఉంచాలన్న హైకోర్టు మాటను పక్కనపెట్టి, ఆ నిర్ణయం తల్లిదేనన్నారు. అయితే అక్కడ కన్నతండ్రి లేడు. నీ పక్కన ఉన్నాడు. కాబట్టి ఆ తీర్పు పట్టుకుని అతనితో వాదించకు, బాగుండదు.

అతన్ని అడగాల్సింది వేరే ఉంది. తమిళనాట ఇంటిపేర్లు లేకపోవడం ఊరికే కాదు. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభలో పేర్ల వెనక కులం తోకలు తీసేయాలని తీర్మానించారు. మనవైపు సంగతి నీకు తెలుసుగా, ఇంటిపేరు చెప్పీ చెప్పగానే "అయితే మీరు ఫలానావాళ్ళా?" అని ఆరా తీస్తారు. ఆ ఆరా తన బిడ్డ వెంట పడటం అతనికి ఇష్టమేనా? కాదంటే ఇంటిపేరు మానేసి మీ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకోండి, నాకేం చిన్నతనం లేదు. కానీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి మాత్రం ఖాళీ వదలొద్దు. అతని అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ, అంటే పేరు తెలియదు అని అచ్చయింది కదా! ఏడాదిపాటు "ఎఫ్ఎన్‌యూ గారూ" అని ఏడిపించావు పాపం.

ముప్పయ్యేళ్ళు పదో తరగతి నామినల్ రోల్స్ రాసినదాన్ని, నా భయమంతా స్పెల్లింగు గురించే. నా సర్టిఫికెట్‌లో తాడికొండకి హెచ్ లేదు. మీ నాన్నదాంట్లో టీ పక్కన హెచ్ ఉంది. ఒక్క కడుపున పుట్టాం, కాయితాల్లో మాత్రం రెండు వంశాలు! పెళ్ళయ్యాక సర్వీసు రిజిస్టర్‌లో మీ మామయ్య ఇంటిపేరు ఎక్కింది. రిటైరైన ఏడు ఆ రెండు పేర్లూ నావేనని నమ్మించడానికి నోటరీ అఫిడవిట్లు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. గుమాస్తా కళ్ళజోడు ఎత్తి, "ఇంతకీ ఈ తాడికొండ ఆవిడ ఎవరండీ?" అన్నాడు. నేనే నాయనా అన్నాను.

అందుకని ఆసుపత్రిలో నువ్వు మగతగా ఉన్నప్పుడు ఎవరో ఫారం తెచ్చి పేరు అడిగితే, తర్వాత చెబుతామనండి. జననం నమోదైన పన్నెండు నెలల్లోపు పేరు ఎక్కించుకుంటే రుసుము కూడా ఉండదు. 2023 అక్టోబరు నుంచి పుట్టినవాళ్ళకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీ రుజువుగా ఆ సర్టిఫికెటే కావాలి, దాంట్లో పడ్డ తప్పు అన్నిచోట్లకీ పాకుతుంది. ఇద్దరూ కూర్చుని ఇంగ్లీషు అక్షరాలన్నీ విడివిడిగా ఓ కాయితం మీద రాసి, ఫ్రిజ్ మీద అంటించండి.

తాడికొండే ఖాయమైతే హెచ్ వద్దు. మీ నాన్న అలుగుతాడు, ఆయన సంగతి నేను చూసుకుంటాను. సున్నుండలు రేపు బస్సులో వేస్తున్నాను, అబ్బాయికీ రెండు మిగల్చు.

మీ అత్తయ్య