పులి కోసం కారెక్కే ముందు

ప్రశ్న: మాది గోరంట్ల. పిల్లలతో కారులో నల్లమల వెళ్లి పులిని చూడాలని ఉంది. ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

జవాబు: పాలసముద్రం దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి కర్నూలు చేరండి. అక్కడి నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు వెళ్లవచ్చు. ఆత్మకూరు దగ్గరి బైర్లూటిలో అటవీ శాఖ వాళ్ల జీపు సఫారీ ఉంది. సొంత కారును అడవి దారుల్లోకి రానివ్వరు, అదే మంచిది. జులై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ మూసేస్తారు. నీటి గుంటలు ఎండి జంతువులు సాసర్ పిట్‌ల (వాటి కోసం నీళ్లు నింపే తొట్ల) దగ్గరికి వచ్చే మార్చి, ఏప్రిల్ అనువైన నెలలు.

విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం. అంత అడవిలో పులి ఒక్కపూటలో ఎదురుపడటం అరుదు. దుప్పులు, కణుతులు, నెమళ్లు కనిపిస్తే చాలు అనుకుని బయల్దేరండి. పిల్లలకూ ముందే ఆ మాట చెప్పండి.

నల్లమల ఘాట్ రోడ్డులో రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు కాబట్టి చీకటి పడకముందే దాటండి. కోతులకు తిండి వేయకండి. అది వాటిని చక్రాల కిందికి పిలవడమే.

నన్నడిగితే మొదట మీ పక్కనే ఉన్న చిలమత్తూరు మండలం వీరాపురం చూపించండి. అక్కడ చింతచెట్ల మీద గూళ్లు కట్టే కొంగలను సైబీరియా కొంగలంటారు గానీ, అవి మన దేశపు పక్షులే. ఊరివాళ్లు తరతరాలుగా వాటిని కాపాడుతున్నారు. గూళ్లున్న చెట్ల కింద హారన్ మాత్రం కొట్టకండి.